ఎనభై ఏడో వేలిముద్ర

క్యాంపుకు వెళ్లేటప్పుడు నేను మరిచిపోకూడనివి రెండు: బ్యానరు, ఇంకు ప్యాడ్. చట్టం పుస్తకం ఆఫీసులోనే వదిలేసినా సదాశివరావుగారు పట్టించుకోరు. ప్యాడ్ మరిచిపోతే మాత్రం వారం రోజులు నా మొహం చూడరు.

పల్లెల్లో పేదవాళ్లకు ఉచిత న్యాయ సహాయం చేసే మా సంస్థకు ఆయనే పెద్ద. ఏలూరు మనిషి. రిటైరయ్యాక ఢిల్లీ పక్కన వైశాలిలో ఈ ఆఫీసు తెరిచారు. నేను ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని గదిలో నాలుగేళ్లు సివిల్స్‌కి చదివి, అది అచ్చిరాక లా చేసి, ఆయన దగ్గర చేరాను. అరుంధతి ఢిల్లీలో ప్రజాసేవ చేస్తోందని మా ఇంట్లోవాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకోనీ, నాదేం పోయింది.

నిరుడు అక్టోబరులో మురాద్‌నగర్ దాటాక ఓ ఊళ్లో, బడి వరండాలో క్యాంపు పెట్టాం. కనీసం వందమందికి మేలు జరిగినట్టు పైవాళ్లకు చూపించాలి. మేలు జరిగిందనడానికి రుజువు హాజరు పట్టీ: పేరు, ఫోన్ నంబరు, వేలిముద్ర. మధ్యాహ్నానికి అరవై దాటలేదు. పక్కనే రేషన్ కోసం నిలబడ్డ ఆడవాళ్లను సమోసాలు ఉన్నాయని చెప్పి పిలుచుకొచ్చాం. అలా వచ్చిన ఎనభై ఏడో మనిషి ఓంవతి.

ఆమె మాత్రం సమోసా కోసం రాలేదు. భర్త పోయి మూడు నెలలైంది. అతని వాటా రెండు బీఘాల పొలాన్ని మరిది తన పేరున రాయించుకోవడానికి తహసీల్లో అర్జీ పెట్టాడు. ఆ నోటీసు తల మీద కప్పుకున్న ఓఢ్నీ కొంగున ముడేసుకొచ్చింది. చదివాను. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇంకా పదకొండు రోజులుంది. భర్త మరణ పత్రం తీసుకుని సోమవారం వైశాలి రమ్మన్నాను, అర్జీ నేనే రాస్తానన్నాను. ఆమె ఇంకేదో అడగబోయింది.

"అమ్మా అరుంధతీ, కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ముద్రలు కానియ్యి," అన్నారు సదాశివరావుగారు వెనకనుంచి.

ఆమె బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద, ఆపైన పట్టీ మీద నొక్కాను. పిడకలు చేసీ చేసీ వేలి గీతలు అరిగిపోయాయి, ముద్ర సరిగా పడలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కాను. నంబరు చెప్పింది, రాసుకున్నాను.

సోమవారం ఆమె రాలేదు. బుధవారం ఫోన్ చేస్తే మగ గొంతు పలికింది. చాలా మర్యాదగా, ఇంట్లోనే మాట్లాడుకున్నాం మేడమ్, వదిన ఒప్పుకుంది, ఇక కేసెందుకు అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా ప్రాణానికి హాయిగా అనిపించింది. ఒక అర్జీ రాసే పని తప్పింది. నివేదికలో ఎనభై ఏడుకి ఎదురుగా 'రాజీతో పరిష్కారం' అని రాశాను. ఆ ఇంటి మొత్తానికి ఉన్నది ఒకటే ఫోను, అది మరిది చేతిలో ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ ఫోను ఎవరిదని నేను అడగలేదు. కొత్తిమీర కట్ట దగ్గర కూరగాయల భయ్యాకి పది ప్రశ్నలు వేస్తాను, లాయర్నని చెప్పుకుంటాను, ఆ ఒక్క ప్రశ్నా వేయలేదు.

ఈ జూన్‌లో మళ్లీ అదే ఊరు, అదే వరండా. ఓంవతి నన్ను చూసి నవ్వుతూ వచ్చింది. ఫైసలా ఎప్పుడొస్తుంది దీదీ అని అడిగింది. పొలం మరిది పేరు మీదికి పోయిందట, అతను ప్లాట్ల వాళ్లకు అమ్మేశాడట, నాలుగు రోజులుగా గోడ కడుతున్నారట. తాను కచేరీలో అంగూఠా, అదే వేలిముద్ర, వేసిందనీ, తీర్పు వచ్చేదాకా ఆగాలనీ మేస్త్రీలకు చెప్పి వచ్చిందట. వాళ్లు నవ్వితే నవ్వుకోనీ అంది.

ఆమెకు తెలిసిన లోకంలో వేలు పెడితే ఏదో ఒకటి జరిగి తీరుతుంది. రేషన్ మిషన్ మీద పెడితే గోధుమలొస్తాయి. బ్యాంకులో పెడితే పింఛనొస్తుంది. ఏమీ జరగని వేలిముద్ర ఒకటి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే.

అది కేసు కాగితం కాదనీ, వచ్చినవాళ్ల హాజరు పట్టీ అనీ అప్పుడు చెప్పాను. తల వంచుకునే చెప్పాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఆమె తన బొటనవేలు చూసుకుంది. తర్వాత, "హాజరుకైతే రెండుసార్లు ఎందుకు నొక్కావు దీదీ? అంత గట్టిగా నొక్కితే గట్టి పనే అనుకున్నాను," అంది.

 చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సంచీలోంచి వకాలత్ కాగితం తీశాను. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, గోడ ఆపమని అడగొచ్చు, సన్నటిదే అయినా దారి ఉంది, దీని మీద వేలు పెడితే రేపే కేసు వేస్తానన్నాను. ప్యాడ్ మూత తీసి ముందుకు జరిపాను. ఆమె చెయ్యి ఓఢ్నీ లోపలికి లాక్కుంది.

"ముందు చదువు," అంది.

చదివాను. ఒక్కో వాక్యం హిందీలో చెప్పి, అర్థమైందా అని అడిగి, మళ్లీ చెప్పాను. పావుగంట పట్టింది. రెప్ప వేయకుండా విన్నది. అంతా అయ్యాక లేచి నిలబడింది.

"బాగా చదివావు దీదీ. ఆ రోజు కూడా పావుగంటే పట్టేది," అని మెట్లు దిగి గోడ కడుతున్న వైపు వెళ్లిపోయింది.

సదాశివరావుగారు వచ్చి, ఆవిడ ముద్ర పడిందా అమ్మా అని అడిగారు. లేదన్నాను. ఫర్వాలేదులే, ఇవాళ నూట నాలుగు వచ్చాయన్నారు.

వ్యాను హారన్ కొట్టేదాకా వకాలత్ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎండకు ప్యాడ్ మీద ఇంకు ఆరిపోయింది. ఆమె తిరిగి రాలేదు.