మామయ్య పేరు మీద వంద కుర్చీలు

పెద్ద వరద వచ్చి మా వీధిలో పడవలు తిరిగాయే, ఆ ఏటికి మూడో ఏడు ఇది జరిగింది. గోడల మీద బురద చార ఇంకా పోలేదు, ఈలోగా వ్యాపారాలు పడిపోయాయి.

నేను ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాణ్ణి. నా ఉద్యోగం ఆఖరి రోజుల్లోనే సంగతి అర్థమైంది. పొద్దున్న పైకి పోయినవాళ్ళు మధ్యాహ్నానికల్లా అట్టపెట్టె చంకన పెట్టుకుని కిందికి దిగేవాళ్ళు. ఎవరూ పక్కవాడి మొహం చూసేవాళ్ళు కాదు. అందరి చూపూ తలుపు మీద వెలిగే అంకెల మీదే.

మా కోడలు కూడా అలాంటి పెట్టెతోనే ఇంటికొచ్చింది. ఆమె సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. ఆ పని ఏమిటో ఆమె నాకు చెప్పినట్టే చెబుతాను. కంపెనీ అన్నాక అమ్మేవాళ్ళు, గోడౌను, లారీలు, జీతాలు అన్నీ ఉంటాయి. ఎవరి లెక్క వారిదే, ఒకరి లెక్కకీ ఇంకొకరి లెక్కకీ పొత్తు కుదరదు. వాటినన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, ఒకచోట నొక్కితే మిగతావన్నీ వాటంతట అవే కదిలేలా చెయ్యాలి. రోజులు బాగున్నప్పుడు కంపెనీలు వీళ్ళ కోసం ఎగబడ్డాయి. రోజులు చెడగానే ముందుగా తీసి పక్కన పెట్టింది కూడా వీళ్ళనే. ఆమెతో పనిచేసినవాళ్ళంతా ఒకేసారి రోడ్డున పడ్డారు. ఒకరు ట్యూషన్లు మొదలెట్టారు, ఒకరు టాక్సీ తీశారు. ఈమె ఎక్కని గుమ్మం లేదు. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, కొత్తగా ఏమీ పెట్టడం లేదని.

మా అబ్బాయి ఆసుపత్రిలో నర్సు. వాడు దొరికిన డ్యూటీ అల్లా చేస్తున్నాడు. ఇంట్లో ఎవరం పైకి అనుకోలేదు గానీ, ఆమెకు ఉద్యోగం రాకపోతే ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలని అందరికీ తెలుసు.

అప్పుడు దొరికాడు కుర్చీలాయన. ప్లాస్టిక్ కుర్చీలు చేసే ఫ్యాక్టరీ ఓనరు. ఆ పేరు మా ఆవిడ పెట్టింది. మంచి రోజుల్లో ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాడు. దాన్ని బిగిస్తున్న వాళ్ళు సగంలో చేతులెత్తేసి పోయారు. మిగతా సగం పూర్తి చేస్తే చాలన్నాడు. కానీ షరతు పెట్టాడు. దాన్ని అసలు పనిలోకి దించే రోజున పొద్దున్నించి సాయంత్రం దాకా ఎక్కడా ఆగకుండా నడవాలి. నడిస్తే పర్మనెంటు ఉద్యోగం. తేడా వస్తే ఎవరి దారి వారిది.

ఆయనకు కంప్యూటరంటే పడదు. ఆయన ఫ్యాక్టరీలో కుర్చీ కదలాలంటే ఫోను మోగాలి. అమ్మేవాడు గోడౌనుకు, గోడౌనువాడు లారీవాడికి, ముగ్గురూ కలిసి ఈయనకు చెయ్యాలి. ఈయన అరవాలి. అప్పుడు లారీ మర్నాడు బయల్దేరేది, అదీ ఒక్కోసారి వేరే ఊరికి.

ఆ రోజు రానే వచ్చింది. మా కోడలు తెల్లారకుండానే పోయింది. ఇంట్లో మాకు ఏ పనీ చేతికి రాలేదు. మా ఆవిడ తుడిచిన గట్టే తుడిచింది. నేను బాల్కనీలోంచి వీధి వంక చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మెట్ల మీద పరుగు వినిపించింది. చెప్పు ఒకటి గుమ్మం బయట, ఒకటి లోపల విడిచి కోడలు వచ్చింది.

“ఆగలేదు అత్తయ్యా. పొద్దున్నించీ ఒక్కసారి కూడా ఆగలేదు.”

మా ఆవిడ ఆమె రెండు చెంపలూ పట్టుకుంది. ఓనరు ఏమన్నాడని అడిగింది. ఏమీ అనలేదట, రేపు పొద్దున్న రమ్మన్నాడట, కానీ పోతూ పోతూ కంప్యూటర్ వంక ఒకసారి చూశాడట. ఆ చూపు గురించి వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. కోడలు కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. చివరికి స్నానానికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే మా ఇంటి ముందు లారీ ఆగింది.

ఇద్దరు కూలీలు దూకి, వెనక తలుపు తీసి, ఒకదానిలో ఒకటి దూర్చిన ఎర్ర కుర్చీల దొంతరలు దింపడం మొదలెట్టారు. నేను కిందికి దిగేసరికి గేటు మూసుకుపోయేంత ఎత్తు పేర్చేశారు. డ్రైవరు కాగితం నా చేతిలో పెట్టి, మామయ్య గారంటే మీరేనా పెద్దాయనా అని అడిగాడు. కాగితం మీద కొన్నవాడి పేరు దగ్గర నిజంగానే ‘మామయ్య’ అని ఉంది. కింద మా ఇంటి నంబరు, మా వీధి. సరుకు వంద కుర్చీలు.

నేను అడగలేదన్నాను. మీరు అడక్కపోతే నాకెలా తెలుస్తుంది, చిరునామా ఇదేగా అన్నాడు. అదీ నిజమే. అప్పటికి వీధి సగం పోగయింది. ఎదురింటాయన సభ ఎప్పుడు, మాట్లాడేది ఎవరు అని అడిగాడు. మా ఆవిడ బాల్కనీలోంచి వంగి చూసి, “ఇంతమందికి కాఫీ నేను పెట్టలేను బాబూ, మా ఆయన్నే పెట్టమనండి” అంది. వీధంతా నవ్వింది.

కోడలు తడి జుట్టుతోనే వచ్చింది. కాగితం తీసుకుంది. కొన్నవాడి పేరు మీద వేలు పెట్టింది.

“ఇది నేనే మామయ్యా. మిమ్మల్ని నేనే పెట్టాను.”

తరవాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అసలు పనిలోకి దించకముందు వాళ్ళు ఉత్తుత్తిగా నడిపి చూస్తారట. దానికి లేని మనుషుల్ని పుట్టించి, వాళ్ళ పేరు మీద లేని ఆర్డర్లు రాస్తారట. చిరునామా మాత్రం నిజమైంది కావాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఆమెకు నోటికొచ్చిన చిరునామా మాదే. సరుకు అందాల్సిన తేదీ సరిగ్గా ఈ రోజే వేసింది. నిన్న ఆ ఉత్తుత్తి మనుషులందరినీ ఏరి తీసేసింది, ఈ ఒక్కటీ తప్ప.

“ఇదెలా వదిలేశావే” అని కిందికి దిగొచ్చిన మా ఆవిడ అడిగింది.

“మిగతావన్నీ దొంగ పేర్లు అత్తయ్యా. చూడగానే తెలిసిపోయాయి. ఇది చూస్తే దొంగ పేరనిపించలేదు.”

మా ఆవిడ నా వంక చూసింది. నేను కుర్చీల వంక చూశాను.

డ్రైవరు మంచివాడు. సంగతి అర్థం చేసుకుని, ఇల్లు దొరకలేదని చెప్పి వెనక్కి తోలుకుపోతానన్నాడు. ఇలాంటివి తనకు మామూలేనన్నాడు. మా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఎదురింటాయన కూడా తల ఊపాడు. అందరూ కోడలి వంక చూస్తున్నారు. ఆ ఒక్క మాటకు ఒప్పుకుంటే ఉద్యోగం ఉన్నట్టే.

ఆమె కాగితాన్ని మడతపెట్టింది.

“దొరికిన ఇంటిని దొరకలేదని ఎక్కిస్తే లెక్కలో ఒక అబద్ధం ఉండిపోతుంది అన్నా. అది రేపు ఎక్కడ తేలుతుందో నాకే తెలీదు. నా తప్పుకు మీరు మాటపడొద్దు” అంది. అని ఓనరుకు ఫోను చేసింది.

ఆయన బైకు మీద వచ్చాడు, ఇంట్లో తొడుక్కునే లుంగీ బనీనుతోనే. వీధి దారిచ్చింది. కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క మాటా మింగలేదు. ఆయన అంతా విని డ్రైవరు వైపు తిరిగాడు.

“ఎక్కించమని నీకెవడు చెప్పాడు?”

“ఎవరూ చెప్పలేదు సార్. కాగితం వచ్చింది.”

“గోడౌనువాడు ఫోను చెయ్యలేదా?”

“లేద్సార్. సరుకు కట్టి పెట్టి ఉంది. గేటు పాసూ తయారుగా ఉంది. ఎక్కించాను, వచ్చాను.”

“దారి?”

“దారీ కాగితం మీదే ఉంది.”

కుర్చీలాయన దొంతరలోంచి ఒక కుర్చీ లాగి, వీధి మధ్యలో వేసుకుని కూర్చున్నాడు. తన ఫోను తీసి చూసుకున్నాడు. పైకీ కిందికీ జరిపి మళ్ళీ చూసుకున్నాడు.

“ఈ బండి కోసం నాకు ఒక్క ఫోను రాలేదు” అన్నాడు. “నా ఫ్యాక్టరీలోంచి వంద కుర్చీలు బయటికొచ్చాయి, నేను ఒక్కడిమీదా అరవలేదు.”

 ఆయన కోపంగా ఉన్నాడో సంతోషంగా ఉన్నాడో ఆ మొహం చూస్తే తెలియలేదు.  ఇలాంటి మామయ్యలు ఇంకెంతమంది ఉన్నారమ్మా అని అడిగాడు. కోడలు పైకి పరుగెత్తి ల్యాప్‌టాప్ తెచ్చింది. కుర్చీ మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పేర్లన్నీ ఒక్కొక్కటే చదివింది. ఆయన ప్రతి పేరుకీ అవును మనవాడే, వీడు మొండివాడు, వీడికి రెండు కొట్లు అంటూ వచ్చాడు. వీధి ఊపిరి బిగపట్టి వింది. చివరిదాకా వెళ్ళారు. ఉత్తుత్తి మనిషి నేనొక్కణ్ణే.

ఆయన లేచాడు.

“రేపట్నించి పర్మనెంటు. తప్పు చేశావు, కానీ దాన్ని దాచలేదు. నిన్ను పంపేస్తే ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇంకేముందో నాకు చెప్పేదెవరు?”

మా ఆవిడ కూడా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ఆగలేదు. తనకు తెలిసినవాళ్ళలో ఇలా సగంలో ఆగిపోయినవాళ్ళు బోలెడుమంది ఉన్నారన్నాడు. మందుల గోడౌనువాడు, టైర్లవాడు, అట్టపెట్టెలవాడు. కొత్తది కొనే దమ్ము ఈ రోజుల్లో ఎవడికీ లేదు, కొన్నదాన్ని పారేసే దమ్ము అసలే లేదు. నీతోపాటు ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళకి కబురు పెట్టు, నేను వీళ్ళకి చెబుతా అన్నాడు. కోడలు అప్పటికే ఫోను తీసింది. టాక్సీ నడిపే అతనికే మొదట చేసింది. అతను ఎవరినో ఎక్కించుకుని పోతున్నాడట, బండి పక్కకు ఆపి మరీ విన్నాడట.

కుర్చీలు వెనక్కి ఎక్కించబోతే ఓనరు వద్దన్నాడు. సరుకు వెనక్కి రావడం కూడా పద్ధతిగానే జరగాలి, కొన్నాయన ఫోను చేసి వద్దని చెప్పాలి, అప్పుడే లారీ వస్తుంది, అదీ చూద్దాం అన్నాడు. ఆ సాయంత్రం మా వీధివాళ్ళందరూ ఆ ఎర్ర కుర్చీల్లోనే కూర్చున్నారు. డ్యూటీ నుంచి వచ్చిన మా అబ్బాయి తన ఇంటికి దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న కోడలు ఫ్యాక్టరీకి వెళ్ళాక, కాగితం మీద ఉన్న నంబరుకు నేను ఫోను చేశాను. ఎత్తినమ్మాయి పేరు అడిగితే మామయ్య అన్నాను. సరుకు ఎందుకు వద్దని అడిగింది. కూర్చునేవాళ్ళు అంతమంది లేరన్నాను. అన్నీ పంపేస్తారా అంది. ఒకటి ఉంచుకుంటానని, దాని బిల్లు ఆ పేరు మీదే వెయ్యమని చెప్పాను.