ఒక్క గుక్క

"బేగి కొయ్యే నూకాలూ! బస్సు ఎల్లిపోతాది," అని అత్త గవరమ్మ గుమ్మంలోంచి మూడోసారి అరిచింది. నూకాలు ముందు కత్తిపీట, పక్కన గంపెడు సూరచేపలు. పొద్దుటి గుక్క ఇంకా పడలేదు, చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు భయానిదో సారాదో ఆమెకిప్పుడు తెలియడం లేదు. నాలుగేళ్ళ కిందట తెలిసేది.

అప్పుడొక మధ్యాహ్నం, పోర్ట్ బ్లెయిర్ బజారులో చేపలమ్ముతుంటే, ఏ కారణమూ లేకుండా గుండె తప్పెటలా కొట్టుకుంది. వేళ్ళు మొద్దుబారాయి. చుట్టూ సముద్రపు గాలి బోలెడంత ఉంది, గొంతులోకి మాత్రం దిగదు. చచ్చిపోతున్నాననుకుంది. కాసేపటికి అదే తగ్గింది, మూడు రోజులకి మళ్ళీ వచ్చింది. రాని రోజుల్లో వస్తుందేమోనన్న భయం. బస్సంటే భయం, జనమంటే భయం, చివరికి తన గుండె చప్పుడంటేనే భయం.

"గాలి సోకింది," అంది గవరమ్మ. విబూది పెట్టించినా తగ్గకపోతే, "ఇలా కూకుంటే సేపలెవులమ్ముతారు? ఒక్క గుక్క తాగి ఎల్లు," అని కొడుకు సీసాలోంచి తనే గ్లాసులో పోసి ఇచ్చింది. నిజంగానే గుండె నెమ్మదించింది. "నా మందు నీకూ పనికొచ్చిందే!" అని మొగుడు లక్ష్ముడు నవ్వాడు. ఆ నవ్వులో ప్రేమ ఉందనుకుంది నూకాలు.

గుక్క పడితే గంపెత్తుకుని వెళ్ళేది, వండేది, వలలు బాగుచేసేది, లక్ష్ముడు దగ్గరికొస్తే అడ్డు చెప్పేది కాదు. ఇంటికి అలాంటి నూకాలే కావాలి. పని కోసం తాగితే అది మందు. ఒకనాడు పనంతా అయ్యాక, దడ ఆగక, తనంతట తాను సీసా తీసుకుంటే మాత్రం లక్ష్ముడు జుట్టు పట్టి వాకిట్లోకి లాగాడు. "తాగుబోతు ముండా, నలుగురిలో నా పరువు తీస్తన్నావు!" అతని నోట్లోంచి వచ్చిందీ అదే వాసన. మానేద్దామని రెండుసార్లు చూసింది. రెండో రోజుకే ఒళ్ళంతా చెమటలు, దడ రెట్టింపు. భయం పోవడానికి తాగిన సారాయే తెల్లారేసరికి ఇంకో భయాన్ని కనేది. ఈ సంగతి చెప్పుకోవడానికి ఆమెకి ఒక్క మనిషీ లేరు.

లోపల ఏదో ధన్‌మని పడింది. నూకాలు పరుగెత్తింది. తోడికోడలు కాళమ్మ, పెళ్ళయి విశాఖపట్నం నుంచి ఓడ దిగి నెలైనా కాని పిల్ల, పొయ్యి దగ్గర గుండె పట్టుకుని కూలబడి ఉంది.

"అక్కా, నాను సచ్చిపోతన్నాను. ఊపిరాడ్డం లేదు."

ఆ చూపు నూకాలుకి తెలుసు.

గవరమ్మ విసుక్కుంది. "దీనిక్కూడా వొచ్చిందేటి? నూకాలూ, ఆ సీసా తే. ఒక్క గుక్క పోస్తే సర్దుకుంటాది. నువ్వూ ఏసుకో, సేతులు సూడు ఎలా వొణుకుతన్నాయో."

నూకాలు సీసా తెచ్చింది. బిరడా తీసింది. వాసనకి నోరూరింది. కాళమ్మ ఏం పోసినా తాగేలా నోరు తెరిచి చూస్తోంది. ఇవాళ ఒక గుక్క. రేపు బజారుకి వెళ్ళే ముందు ఇంకొకటి. ఆ తర్వాత ఈ పిల్లని కూడా ఎవడో ఒకడు జుట్టు పట్టి వాకిట్లోకి లాగుతాడు.

బిరడా తిరిగి పెట్టేసి, కింద కూర్చుని, ఆ పిల్ల చల్లటి చేతులు రెండూ పట్టుకుంది.

"ఇలా నాకేసి సూడు. నువ్వు సచ్చిపోవు. నాకు నాలుగేళ్ళ నించి ఇదే వొస్తంది, సచ్చిపోయానా? వొచ్చినట్టే పోతాది. అందాకా నాను ఇక్కడే ఉంటాను."

అంటూంటే తెలిసింది, ఈ మాట తనతో ఎవరూ అనలేదని. కాసేపటికి కాళమ్మ ఊపిరి దారిన పడింది.

"లే. పెద్దాసుపత్రికెల్దాం."

"ఆసుపత్రికా?" రాత్రి వేట నుంచి వచ్చి అరుగు మీద పడుకున్న లక్ష్ముడు లేచాడు. "మీరు పిచ్చోళ్ళని రాస్తారే! సేపలెవులు కోస్తారు?"

"కత్తిపీట అక్కడుంది," అంది నూకాలు.

బస్సులో దడ నూకాలుకే వచ్చింది. దిగిపోదామని రెండుసార్లు లేచింది. కాళమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు తలెత్తి, "బీమార్ కౌన్ హై?" అన్నాడు, జబ్బు ఎవరికని. కాళమ్మకి హిందీ రాదు, అక్క వైపు చూసింది. ఈ పిల్ల సంగతి చెప్పేసి ఇంటికి పోవచ్చు. అది తేలిక. నూకాలు కొంగు కింద దాచిన చేతులు తీసి బల్ల మీద పెట్టింది. వాటిని వణకనిచ్చింది.

"దోనో, సాబ్," అంది, ఇద్దరికీ అని. ఆ తర్వాత తన బజారు హిందీలో ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పింది. "దీనికి ఇవాళే మొదలైంది. నాకు నాలుగేళ్ళు. మందని సారా పోశారు. ఇప్పుడు అది లేకపోతే నిలబడలేను. ముందు నా పేరు రాయండి."