ఏరి పారేసిన అడుగాకులు

అత్త చేతికి ఆకన్నది అందితే అది బాగుపడాల్సిందే. వేళ్ళు తుంచడం, ముదురాకులు ఏరి పారేయడం, మూడు నీళ్ళలో కడగడం. కళ్ళు టీవీలో ఉన్నా చేతుల పని చేతులదే. అందుకే, అటవీ ఆఫీసులో మొక్కలు గుర్తుపట్టే ఉద్యోగం చేస్తున్న మేనకోడలు తడి పేపర్లో చుట్టిన పసుపు పూల మొక్కల్ని వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, అవి చిల్లుల గిన్నెలో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"అత్తా, వేళ్ళేవి?"

"వేళ్ళెవరైనా తింటారటే?"

"మరి అడుగాకులు?"

"మట్టి కొట్టుకుపోయి ఉంటే ఇప్పుడే చెత్తబండి వస్తే వేసి పంపేశా. ఎవరమ్మారో గానీ నిన్ను బాగా మోసం చేశారు."

మేనకోడలు కుర్చీలో కూలబడింది. అవి కూరాకులు కావు. ఎండు కొండ మీద చెట్ల మధ్య పూసినవి. అక్కడ పసుపు పూలవి రెండు రకాలున్నాయి. ఒకటి ఆ కొండమీదే పుట్టి పెరిగిన మొక్క. రెండోది ఎక్కడి నుంచో వచ్చి తిష్ఠ వేసిన కలుపు. పువ్వులు చూస్తే కవలలే. తేడా అంతా నేలను కరుచుకుని ఉండే అడుగాకుల్లోనే: కొండమొక్కకు ఆకు వెనక నూగు ఉంటుంది, కలుపుది నున్నగా ఉంటుంది. రేపు పొద్దున్నే కూలీలు కలుపు పీకడానికి కొండెక్కుతారు. తను తెచ్చింది ఏ రకమో ఈ సాయంత్రం ఐదింటికల్లా ఆమె చెప్పకపోతే వాలు మొత్తం పీకేస్తారు. గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. కొండకు వెళ్ళి రావాలంటే మూడు గంటలు.

"నూగుందే," అంది అత్త. "పిల్లి చెవి వెనక నిమిరినట్టు తగిలింది వేలికి."

"మా అత్త వేలికి తగిలిందని రిపోర్టులో రాయనా?"

"రాయి. నా వేలికేం తక్కువ?"

"ఆఫీసరు ఆకు అడుగుతాడత్తా, వేలు కాదు."

అత్త తిన్నగా సింకు దగ్గరకెళ్ళి జాలీ పైకెత్తింది. టీ పొడి, వెంట్రుక పోగు, అన్నం మెతుకులు, వాటి కింద బురదగా ఒక ఆకు.

"మూడు నీళ్ళు పోశాను. ఒక్కటైనా జారకుండా ఉంటుందా?"

మేనకోడలు దాన్ని కడిగి, ఆరబెట్టి, భూతద్దం పెట్టింది. వెనక వైపంతా తెల్లటి నూగు. తర్వాత గిన్నెలోని కాడలన్నీ ఒక్కొక్కటే తీసి ఆకు తెగిన చోటుకు ఆనించి చూసింది. ఏడో కాడకు అతికినట్టు సరిపోయింది. ఫొటో తీసి ఆఫీసరుకు పంపి, ఫోను చేసింది.

"అడుగాకు ఒక్కటే ఉందేం?" అన్నాడాయన.

"మిగతావి మా అత్త ఏరేసింది సార్."

అత్త తుడిచిన పళ్ళాన్నే మళ్ళీ తుడుస్తోంది.

"వంటకా?" అన్నాడు ఆఫీసరు.

"వంటకే సార్."

"సరే. కొండమొక్కే అది. కూలీలను ఆపేస్తాను. రేపు మీరే వెళ్ళి వేరుతో సహా ఇంకొకటి తీసుకుని, ఇంటికి కాకుండా నేరుగా ఆఫీసుకు రండి."

అత్త పళ్ళెం దించింది.

"రేపు నేనూ వస్తానే."

"వద్దత్తా."

"చేతులు కట్టుకునే వస్తాలే."