వెనక మనిషి

"వచ్చే నెల నుంచి బ్యాచ్‌కి ఒక్కరే గైడు," అన్నాడు మేనేజరు, కొత్త బూట్ల లేసులు ముడివేసుకుంటూ. "ఆ ఒక్కరూ ఎవరో ఈ పూట మీతో కొండెక్కి దిగాక చెప్తాను."

హోటల్ వెనక, తడి తువ్వాళ్ళు ఆరేసే పెరట్లో నిలబడి ఉన్నారు ముగ్గురూ. ఎదురుగా పెద్దకోడలు, ఆవిడ పక్కన చిన్నకోడలు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. ద్వీపం చూడ్డానికి వచ్చినవాళ్ళని పొద్దున్నే కొండెక్కించి, మధ్యాహ్నం భోజనం వేళకి దించే పని ఏళ్ళ తరబడి వీళ్ళిద్దరిదీ. పెద్దకోడలు ముందు నడుస్తుంది, దారి చూపిస్తుంది, కబుర్లు చెబుతుంది. చిన్నకోడలు అందరికంటే వెనక నడుస్తుంది, మందుల సంచీ మోస్తుంది, ఎవరూ వెనకబడకుండా చూస్తుంది. ముందు మనిషి వెనక్కి రాకూడదు. వెనక మనిషి ముందుకి పోకూడదు. ఇద్దరి మధ్యా ఉండేది ఒక్క కేక. వెనక నుంచి "కూ" అని వినపడితే అందరూ ఉన్నారని. ముందు నుంచి "కూ" అంటే సరే పదమని.

"ఒక్కరే అంటే ముందు నడవాలా, వెనక నడవాలా సార్?" అంది చిన్నకోడలు. "మధ్యలో నడిస్తే రెండు పనులూ అయిపోతాయా?"

మేనేజరు నవ్వలేదు. "అది ఆ ఒక్కరూ చూసుకుంటారు."

వ్యాన్ కదిలాక పెద్దకోడలు పళ్ళ బిగువున గొణిగింది. "వేళాపాళా లేదా నీ వేళాకోళానికి?"

"ఏడిస్తే ఇద్దర్నీ ఉంచుతాడా? చెప్పు, ఇప్పుడే మొదలెడతాను." చిన్నకోడలు గొంతు తగ్గించింది. "మోకాలెలా ఉందక్కా?"

"నోర్ముయ్."

మోకాలి సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. వానలు మొదలైనప్పటి నుంచి పెద్దకోడలి ఎడమ మోకాలు ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. బిగుసుకుంటే కాసేపు కాలు వంగదు, చాచినా రాదు. ఇంట్లో అత్తగారికి కూడా చెప్పలేదు. భర్త పోయాక ఆ ఇంట్లో ఆవిడకి ఒక మాటా మర్యాదా మిగిలాయంటే ఈ కొండ వల్లే. పడవ దిగినవాళ్ళు "కొండ పెద్దమ్మ ఎక్కడ?" అని అడిగి మరీ వస్తారు. కొండ పోతే వంటింట్లో ఒక మూల, అంతే.

చిన్నకోడలికి భర్త ఉన్నాడు. పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. కూర్చుని తిన్నా ఎవరూ ఏమీ అనరు. కానీ నాలుగు గోడల మధ్య ఆమెకి ఊపిరాడదు. చెట్ల కింద అడుగుపెట్టాకే మనిషికి మాట వస్తుంది, నవ్వు వస్తుంది.

ఆ రోజు బ్యాచ్‌లో నలుగురే. ఒక కొత్త జంట. వానా ఎండా లేకపోయినా గొడుగు వదలని ఒక రిటైరైన పెద్దమనిషి. మెడలో కెమెరా వేలాడేసుకున్న ఆయన భార్య. ఐదోవాడు మేనేజరు. వ్యాన్ దిగుతూనే చిన్నకోడలు పేర్లు పెట్టేసింది. "గొడుగుగారు, కెమెరాగారు, చిలక, గోరింక. బూట్లుగారు నీ వెనకే నడుస్తారట. జాగ్రత్త."

దారి మొదట్లోనే ఏటవాలు. వేళ్ళు పాములు పడుకున్నట్టు మట్టి మీద పరుచుకుని ఉన్నాయి. చెట్ల కింద గాలి లేదు, ఆవిరి ఉంది. కాసేపటికే అందరి చొక్కాలూ వీపులకి అతుక్కుపోయాయి. గొడుగుగారి ఊపిరి వెనకదాకా వినపడుతోంది.

పెద్దకోడలు ఆగింది. "ఇటు రండి. ఈ పుల్లని చూడండి. చూశారా? ఇప్పుడు ఊదండి."

గొడుగుగారు ఊదాడు. పుల్ల కాళ్ళు చాచి నడిచింది. కొత్త పెళ్ళికూతురు కెవ్వుమంది. అందరూ పురుగు చుట్టూ మూగారు.

ఇలా ఏదో చూపించి ఆపడానికి కోడళ్ళిద్దరూ పెట్టుకున్న పేరు నెపం. పని తెలిసిన గైడెవరూ "అలిసిపోయారా, కూర్చోండి" అనరు. అంటే మనిషికి పౌరుషం పొడుచుకొస్తుంది, లేదని ఇంకాస్త ఎక్కి కళ్ళు తిరిగి పడతాడు. అందుకే ఏదో ఒకటి చూపించాలి. వాళ్ళు చూస్తున్నామనుకుంటారు, ఊపిరి తీసుకుంటారు. దారి పొడుగునా ఇలాంటి నెపాలున్నాయి. పుల్లపురుగు, చెట్టెక్కే పీత, నలిపితే సబ్బు వాసనేసే ఆకు. ఈమధ్య ఆ నెపాలు ఎవరి కోసమో వెనక నడిచే చిన్నకోడలికి తెలుసు. అక్క ఆగిందంటే తనూ ఏదో ఒకటి అడిగి ఆ ఆగడాన్ని ఇంకాస్త సాగదీసేది.

"అక్కా, ఆ పురుగు ఆడదా మగదా?"

"ఆడదే. ఊదినా మాట్లాడకుండా నడుస్తోందిగా."

గొడుగుగారి భార్య పకపకా నవ్వింది. మేనేజరు వాచీ చూసుకున్నాడు.

పీత దగ్గర రెండోసారి చూసుకున్నాడు. ఆకు దగ్గర అడిగేశాడు. "ఇన్నిసార్లు ఆగాలా మేడమ్?"

"అలిసిపోతారు సార్."

"నేను అలిసిపోలేదే."

పెద్దకోడలు ముందుకి నడిచింది. అక్కడి నుంచి వాగుదాకా ఆగలేదు.

వాగు దగ్గర పని ఎప్పుడూ ఒకేలా జరుగుతుంది. తాడు ఒక కొస అవతలి గట్టు మీది చెట్టుకి కట్టే ఉంటుంది. రెండో కొస ఇవతల వెనక మనిషి నడుం చుట్టూ తిప్పి పట్టుకుంటుంది. ముందు మనిషి నడి వాగులో బల్లపరుపు రాయి మీద నిలబడి, తాడు పట్టుకుని వచ్చేవాళ్ళని ఒక్కొక్కరినీ చేయందించి దాటిస్తుంది. ఆ రోజు, ముందు రాత్రి పడ్డ వాన నీరంతా దిగుతోంది. వాగు పరవళ్ళు తొక్కుతోంది.

గొడుగుగారు దాటాడు. కెమెరాగారు దాటింది. ఇద్దరూ అవతల గట్టెక్కి ఏదో పువ్వు ఫొటో తీసే పనిలో పడ్డారు. మేనేజరు దాటి, అటు తిరిగి కూర్చుని, బూట్లలో నీళ్ళు వంపుకుంటున్నాడు. పెళ్ళికొడుకు ఇద్దరి సంచులూ మోసుకుని దాటి, అవి తడవకుండా పెట్టే చోటు వెతుకుతున్నాడు. చివరగా పెళ్ళికూతురు దిగింది.

ఆమె రాయికి రెండడుగుల దూరంలో ఉండగా పెద్దకోడలి మోకాలు బిగుసుకుంది.

చెయ్యందించడానికి వంగిన మనిషి వంగినట్టే పక్కకి ఒరిగింది. ఒళ్ళు బరువంతా తాడు మీద వేసింది. తాడు ఒక్క గుంజు గుంజింది. పెళ్ళికూతురి కాళ్ళు నీళ్ళలో తేలిపోయాయి. కేక వెయ్యడానికి నోరు తెరిస్తే నోటినిండా నీళ్ళు.

చిన్నకోడలు నడుం చుట్టూ ఉన్న తాడు విప్పి పారేసి దూకింది. పిల్ల నాలుగు బారలు కొట్టుకుపోయేలోపు జడ దొరకబుచ్చుకుంది, తర్వాత భుజం. ఇద్దరూ బండల మధ్య ఇరుక్కుని ఆగారు.

మేనేజరు తిరిగి చూసేసరికి కనిపించింది ఇదీ. తాడు నీళ్ళలో తేలుతోంది. పట్టుకుని నిలబడాల్సిన మనిషి వాగులో ఉంది. పెద్దకోడలు రాయి మీద మోకరించి, ఆ పిల్ల వైపు చెయ్యి చాచి ఉంది.

అందరూ గట్టెక్కాక పెళ్ళికొడుకు రంకెలు మొదలెట్టాడు. పిల్ల దగ్గుతూనే ఉంది. "ఏమో, తాడు ఊగింది, అంతే తెలుసు," అంది.

"తాడు ఎవరు వదిలారు?" అన్నాడు మేనేజరు.

పెళ్ళికొడుకు రంకెలు ఆపి కోడళ్ళ వైపు తిరిగాడు.

"నేనే సార్," అంది చిన్నకోడలు, మోచేతి మీద గీరుకుపోయిన చోట ఒత్తుకుంటూ. "చెయ్యి జారింది." అని పెద్దకోడలి మొహంలోకి చూసింది.

పెద్దకోడలు నోరు తెరిచింది. మేనేజరు అటు తిరిగాడు. ఆవిడ నోరు మూసుకుని తాడు చుట్టడం మొదలెట్టింది.

కొండ కొసన సముద్రం మూడు వైపులా కనిపిస్తుంది. లోతు లేని చోట ఆకుపచ్చ, లోతున్న చోట నీలం. పెద్దకోడలు రోజూ చెప్పే మాటలే చెప్పింది. అనాస ముక్కలు పంచింది. పెళ్ళికూతురు చిన్నకోడలి భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. మొగుడి మీద అలిగింది కాబోలు.

మేనేజరు వచ్చి పెద్దకోడలి పక్కన కూర్చున్నాడు. "నిజం చెప్పండి మేడమ్. ఆమె ఇంతకుముందు కూడా ఇలా తాడు వదిలేసిందా?"

లేదు. ఒక్కసారి కూడా లేదు. ఆ మాట అంటే చాలు. అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో పెద్దకోడలికి తెలుసు. మరి ఇవాళెందుకు వదిలింది? తాడెందుకు ఊగింది? మీరెందుకు మోకరించారు?

"చిన్నది కదా సార్," అంది మెల్లగా. "నేర్చుకుంటుంది లెండి. నేనున్నానుగా."

వెనకేసుకొచ్చినట్టే ఉంది మాట. మేనేజరు తలూపాడు. ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది.

మంచినీళ్ళ సీసా ఇవ్వడానికి వచ్చిన చిన్నకోడలు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. సీసా అక్కడే గడ్డి మీద పెట్టి వెళ్ళిపోయింది.

దిగడం మొదలైంది. అప్పటికి వాగు తీసింది, తాడు లేకుండానే అందరూ దాటారు. మోకాలికి ఎక్కడం ఒక బాధ, దిగడం పది బాధలు. రోజూ అయితే వెనక నుంచి ఏదో ఒక గోల వినపడేది. "అక్కా ఆగు, లేసు ఊడింది." "అక్కా ఆగు, జలగ పట్టింది." ఊడని లేసులూ, పట్టని జలగలూ. ఆగిన ఆ కాసేపూ పెద్దకోడలు చెట్టుకి ఆనుకుని కాలు సవరించుకునేది.

ఇవాళ వెనక నుంచి ఏమీ రాలేదు. చివరికి "కూ" కూడా లేదు. పెద్దకోడలు ఒకసారి తనే "కూ" అంది. బదులు లేదు. వెనక్కి తిరిగి చూస్తే అందరూ ఉన్నారు. అందరి వెనకా చిన్నకోడలు, నేల చూసుకుంటూ దిగుతోంది.

మేనేజరు ఉన్నాడు. ఆగడానికి లేదు. పెద్దకోడలు పెదవి కొరుక్కుంటూ, పక్కవాటుగా, ఒక్కో వేరూ పట్టుకుంటూ కింది దాకా దిగింది. వ్యాన్ దగ్గరికొచ్చేసరికి నోట్లో ఉప్పగా తగిలింది.

హోటల్ పెరట్లో మేనేజరు సాగదియ్యలేదు. "పెద్దావిడ ఉంటారు. మీకు లాండ్రీలో చోటుంది. ఆ అమ్మాయి మీరే కాపాడారని మరీమరీ చెప్పింది కాబట్టి అదైనా ఇస్తున్నాను."

"సరే సార్," అంది చిన్నకోడలు. "దుప్పట్లు కొట్టుకుపోయినా ఎవరూ రంకెలెయ్యరు."

ఇంటికొచ్చేసరికి అత్తగారు వరండాలో కూర్చుని దిండు గలీబుకి కుట్టు వేస్తోంది. "ఏమిటర్రా, ఇద్దరి మొహాలూ అలా ఉన్నాయి?"

"కొండ అక్కకిచ్చారు అత్తయ్యా. నాకు దుప్పట్లిచ్చారు."

"పోనీలే. పెద్దదానికి దక్కింది. నీకు మొగుడున్నాడు."

చిన్నకోడలు లోపలికెళ్ళి మొహం కడుక్కుంటుంటే పెద్దకోడలు వెనకే వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"ఎందుకు చెప్పావే, చెయ్యి జారిందని? నేనడిగానా?"

"అడగలేదు." చిన్నకోడలు నీళ్ళు చల్లుకుంటూనే ఉంది. "చెయ్యి జారడమంటే వాడికి అర్థమవుతుంది. మోకాలంటే అర్థం కాదు, ఆ పూటే తీసేస్తాడు. నేనొక మాట అనేస్తే నువ్వు 'ఇద్దరిదీ తప్పు సార్' అంటావనుకున్నాను. అప్పుడు ఎవర్ని తియ్యాలో తెలీక వాడు బుర్ర గోక్కుంటాడనుకున్నాను. అంత తెలివైనదాన్ని మరి."

"రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను."

"చెప్పు, మానెయ్యి. నీ ఇష్టం." చిన్నకోడలు కొళాయి కట్టేసి తిరిగింది. "వాగు దగ్గర నోరు పెగల్లేదు. పోనీ, భయమేసింది అనుకున్నాను. నాకూ వేస్తుంది. పైన అన్నావు చూడు, చిన్నది కదా, నేర్చుకుంటుందని. అది భయం కాదక్కా. ఆ మాట ఏరుకుని అన్నావు."

పెద్దకోడలు తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"అత్తయ్య ముందు మాట్లాడతాను, నవ్వుతాను. కూర తరిగిస్తాను. అంతకుమించి నా దగ్గర ఏమీ అడక్కు. జరుగు."

పెద్దకోడలు జరిగింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళింది కూడా. అతను కంప్యూటర్ మీంచి తలెత్తి, "ఏంటి మేడమ్?" అన్నాడు. దార్లో కూర్చుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి.

"కొత్త తాడు కావాలి సార్," అంది.

"చూశారా, బాధ్యతంటే ఇదీ," అన్నాడు అతను మెచ్చుకోలుగా.

నెల మారింది. ఒక్క గైడుతో వెళ్ళిన మొదటి బ్యాచ్ పెద్ద కుటుంబం. అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, ఒక మేనత్త. పెద్దకోడలు ముందు నడిచింది. మాటిమాటికీ వెనక్కి తిరిగి తలలు చూసుకుంటూ నడిచింది. వాగు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

వాగులో నీళ్ళు పాదాలు కూడా తడిపేలా లేవు. అడుగున గులకరాళ్ళు తళతళా మెరుస్తున్నాయి. బల్లపరుపు రాయి పొడిగా ఉంది.

ఆవిడ ఆ రాయినే చూస్తూ చాలాసేపు నిలబడింది.

"ఇక్కడి నుంచి వెనక్కి తిరగాలండీ," అంది. "వాగు పొంగేలా ఉంది."

అన్నదమ్ముల్లో పెద్దాయన వాగు వంక చూశాడు. "ఇదా?"

"పైన వాన పడుతోంది. నీళ్ళు చెప్పి రావు."

ఆకుల సందుల్లోంచి ఎండ గులకరాళ్ళ మీద పడుతోంది. ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ మొహం చూశాడు. వాదించలేదు.

"సముద్రం మూడు వైపులా కనిపిస్తుందన్నారు కదమ్మా?" అంది మేనత్త. "అది చూద్దామనే వచ్చాను."

"ఈ వాగు కూడా బావుంటుందండీ. ఫొటో తీసుకోండి."

ఎవరూ తీసుకోలేదు. ఇరుకు దారిలో నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే వెనక్కి తిరిగారు. చివర ఉన్నవాడు ముందయ్యాడు. పెద్దకోడలు అందరికీ వెనక పడింది. పక్కనుంచి దాటిపోదామంటే అటు లోయ, ఇటు ముళ్ళు.

కాస్త దిగాక ముందు నుంచి కేక వినపడింది. "ఇక్కడ దారి రెండుగా చీలింది. ఎటు పోవాలి?"

"ఎడమకి!" అని అరిచింది ఆవిడ.

ఎవరికీ వినపడినట్టు లేదు. కాలు కూడగట్టుకుని రెండడుగులు గబగబా వేసింది. మూడో అడుగుకి మోకాలు బిగుసుకుంది. చెట్టు పట్టుకుని నిలబడి, వరసంతా ఒకరి వెనక ఒకరుగా కుడివైపు దారిలోకి తిరగడం చూస్తూ, మళ్ళీ మళ్ళీ అరుస్తూ ఉండిపోయింది.