పోటుందా?

…అబ్బ, ఇన్నాళ్ళకి చెప్తున్నానని ఏమీ అనుకోకు వదినా. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, ఇంతలో ఎవరో ఒకరు రావడం, ఇదే సరిపోతోంది. చిన్నక్క ఇంటి సంగతే కదా నువ్వడిగింది? చెప్తా.

ఆ ఆసుపత్రి నీకు తెలిసిందే. అద్దాల తలుపులు, ఏసీలు, నేలలో మొహం కనబడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సముద్రం పోటెక్కి కింది వార్డుల్లోకి వచ్చేస్తుంది. మోకాలి దాకా నీళ్ళు, మంచాలన్నీ తేలతాయి. జనం చెప్పులు చేతికి తగిలించుకుని, ప్యాంట్లు పైకి మడుచుకుని ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. ఆయమ్మ వచ్చి ఒక్కో మంచాన్నీ గుడ్డ పీలికతో కిటికీ ఊచకి కట్టి పోతుంది. టీ వేళకి నీళ్ళు వెళ్ళిపోతాయి. మళ్ళీ తుడుచుకోవడం, అంతే.

చిన్నక్క మొగుడు, అదే మా బావ, బస్సు డ్రైవరు కదా. షుగరు వల్ల కుడి పాదానికి పుండు పడి, నల్లబడి, ఆ కింది వార్డులో చేరాడు. ఆపరేషన్ డాక్టరు రోజూ పొద్దున్నే వచ్చి "పోటుందా?" అనేవాడు. బావ "లేదు సార్" అనేవాడు. చివరికి డాక్టరు పాదం తీసెయ్యాలన్నాడు.

కుడి పాదం లేని డ్రైవరంటే ఇంకేముంది చెప్పు? చిన్నక్క కాళ్ళావేళ్ళా పడింది, ఒక్కసారి రక్తనాళాల డాక్టరమ్మకి చూపించమని. ఆవిడ వారానికోసారి వస్తుంది, వచ్చే నెల దాకా టోకెన్లు లేవన్నారు. బావేమో గోడవైపు తిరిగి పడుకుని, "తీస్తే తియ్యనీవే, నస పెట్టకు" అన్నాడు.

ఇక ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలని ఆయమ్మ మంచం ముడి విప్పింది. తోసేవాళ్ళు ఇంకా రాలేదు, ఈలోగా నీళ్ళు పెరిగాయి. మంచం తలుపులోంచి జారి వరండాలో పడింది.

"ఏవండీ, ఆపండి!" అని చిన్నక్క వెంటపడింది.

"ఆపడానికి ఇది నా బస్సా?"

మందుల కౌంటరతను మంచాన్ని చేత్తో అవతలికి నెట్టి, తన మందులు తను లెక్కపెట్టుకుంటున్నాడు. లాగి లాగి చేతకాక చిన్నక్క కూడా మంచమెక్కి కూలబడింది.

"టికెట్ తీసుకున్నావా?" అన్నాడు బావ.

"తీసుకోలేదు. దింపెయ్యండి చూద్దాం."

ఎన్నాళ్ళకో నవ్వారట ఇద్దరూ.

మూల తిరిగేసరికి మంచం వేగం అందుకుంది. ఎదురుగా తలుపు బార్లా తీసిన గది, బల్ల ముందు ఎవరో అన్నం తింటున్నారు. బావ "అయ్యయ్యో" అంటూ కుడికాలితో బ్రేకు తొక్కేశాడు. ఉంటేగా బ్రేకు! పాదం మంచం ఇనుపకడ్డీకి కొట్టుకుని కెవ్వుమన్నాడు. మంచం వెళ్ళి బల్లకి మెత్తగా ఆనుకుంది.

ఆవిడే రక్తనాళాల డాక్టరమ్మ. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది, ఎడం చేత్తో పాదం పట్టేసుకుంది.

"నొప్పి తెలిసిందా?"

"తెలియకపోవడమేంటమ్మా? వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పోటు, నిద్ర లేదు!"

అప్పుడే ఆపరేషన్ డాక్టరు నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, రోజూ అడిగానా లేదా, పోటుందా అని? లేదు లేదన్నావే!"

"మీరొచ్చేది పొద్దున కదా సార్! పొద్దున నీళ్ళెక్కడుంటాయి?"

ఆ డాక్టరు మంచం అంచున కూర్చుండిపోయాడు. "స్పర్శ పోయిందనుకున్నానయ్యా నేను" అన్నాడు మెల్లగా.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని పాదం మీద నాడి వెతుకుతోంది. చాలాసేపటికి ఆవిడ, "ఉంది. సన్నగా ఉంది. కొయ్యక్కర్లేదు, మూసుకుపోయిన నాళం తెరుద్దాం" అంది.

తెరిచారు వదినా. చిటికెన వేలొక్కటీ పోయింది, పాదం దక్కింది. ఇప్పుడు ఇంట్లో చిన్నక్క అంట్లు తోముతూ తోముతూ లేచొచ్చి, ఆ తడిచెయ్యి దుప్పట్లోకి పోనిచ్చి పాదం పట్టుకుని చూస్తుంది.

"తియ్యవే, ఐసుగడ్డలా ఉంది!" అని అరుస్తాడు బావ.

"చల్లగా తెలుస్తోందా?"

"తెలుస్తోంది మొర్రో!"

చిన్నక్క తియ్యదు. అలాగే పట్టుకుని కూర్చుంటుంది, బావేమో… ఆఁ, వస్తున్నా! తాళంచెవి నా దగ్గరే ఉంది, ఉండండి! వదినా, పిలుస్తున్నారు—