బంతి వైపు చూడని మనిషి

పిడుగు అని ఆమెను పిలిచేవాళ్లు ఇప్పుడు ఒక్కరే మిగిలారు, వదిన. విశ్వవిద్యాలయం వాలీబాల్ జట్టులో ఇద్దరూ కలిసి ఆడిన రోజుల్లో వదిన ఇంకా వదిన కాలేదు, జట్టు కెప్టెన్. నేల తాకబోయే ప్రతి బంతికీ అడ్డంగా దూకే ఈ పొట్టి పిల్లకు ఆ పేరు పెట్టింది ఆవిడే. చదువులయ్యాక పిడుగు పట్టుబట్టి కెప్టెన్‌ని తన అన్నయ్యకిచ్చి పెళ్లి చేయించింది. "మా ఇంట్లో ఈ సంబంధం కుదిర్చింది నేనే" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేది. అన్నయ్య అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. మీసాల్లో నవ్వుకునేవాడు.

వదినకీ ఆడపడుచుకీ మధ్య తెగని తగవు ఒక్కటే, ఫైనల్లో చివరి బంతి. అది సరిగ్గా ఇద్దరి మధ్యా పడింది, కప్పు పోయింది. "నాది అని అరిచింది నువ్వే" అని వదిన. "నేను అరవకముందే నువ్వు కాలు వెనక్కి తీశావు" అని పిడుగు. ఏ శుభకార్యానికి కలిసినా ఈ పంచాయితీ అన్నయ్య దగ్గరికి రావాల్సిందే. ఆయనేమో పేపరు అడ్డం పెట్టుకుని తప్పించుకునేవాడు. ఆయన పోయాక ఆ పోట్లాటా ఆగిపోయింది. తీర్పు చెప్పనని మొరాయించే మనిషే లేనప్పుడు ఎవరి ముందు వాదించుకుంటారు? ఫోన్లలో కీళ్ల నొప్పులూ మందుబిళ్లలూ మాట్లాడుకుని పెట్టేసేవాళ్లు.

అలాంటి రోజుల్లో, పాత కాగితాలూ వస్తువులూ భద్రపరిచే విశ్వవిద్యాలయం ఆర్కైవ్‌లో పనిచేసే ఒకమ్మాయి పిడుగుకి ఫోన్ చేసింది. పాత పెవిలియన్ పడగొడుతుంటే మెట్ల కింద గదిలో ఒక రేకు డబ్బా, అందులో ఫిల్మ్ రీలు దొరికాయట. ఆడపిల్లల వాలీబాల్ ఆట. ఎవరు ఆడారో, ఏ ఏడాదో ఎక్కడా రాసి లేదు. "ఆ కాలం వార్షిక సంచికల్లో మగవాళ్ల జట్లే ఉన్నాయి మేడమ్. పాత విద్యార్థుల సంఘంవాళ్లు మీ నంబరిచ్చారు. మీరొచ్చి చూసి చెప్తే తప్ప మాకు దారి లేదు" అంది.

పిడుగు వదినని వెంటబెట్టుకుని వెళ్లింది. ఆర్కైవ్ అంటే గ్రంథాలయం కింది అంతస్తులో చల్లటి గది. ఇనప అరల్లో అట్టపెట్టెలు, వాటి మీద పెన్సిల్ రాతలు. బల్ల మీద మాసిన బూట్ల జత, వంగిపోయిన జావెలిన్ ఈటె, మధ్యలో దారం ఊడిన జట్టు జెండా. తెరిచిన డబ్బాలోంచి పుల్లటి వాసన.

"ఫిల్మ్ పాడైపోతుంటే ఇలాగే వాసనొస్తుంది" అంది అమ్మాయి. "ఇంకో రెండు వానాకాలాలు ఆగితే చేతికొచ్చేది కాదు. శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. శబ్దం మాత్రం ఉండదమ్మా."

"శబ్దం లేకపోతే మా ఆడపడుచు బతికిపోయింది" అంది వదిన కుర్చీ లాక్కుంటూ.

తెర మీద మట్టి కోర్టు తేలింది. తెల్లటి కాన్వాస్ బూట్లు, మోకాళ్లకి కట్టుకున్న గుడ్డపట్టీలు, సుద్దతో స్కోరు రాసిన నల్లబల్ల. ఇద్దరూ ఒకళ్లమీదొకళ్లు పడి చెప్పడం మొదలుపెట్టారు.

"అదిగో లెక్కల పిల్ల. సర్వీసు కొట్టేముందు కళ్లజోడు విప్పి నాకిచ్చేది" అంది పిడుగు.

"ఆ పొడుగుజడ ఎవరే?"

"హాస్టల్లో మన సబ్బులన్నీ వాడేసేది చూడు, అదే."

అమ్మాయి చకచకా రాసుకుంటోంది. బొమ్మలో పిడుగు దుమ్ములోకి దూకి బంతి లేపింది. లేచి మోచేతులు దులుపుకోకుండానే మళ్లీ నిలబడింది. ఆ సన్నటి పిల్లను చూస్తుంటే పిడుగుకి తన మీద తనకే ముద్దొచ్చింది.

ఇక కప్పు పోయిన ఆ చివరి పాయింటు. ఇద్దరూ ముందుకు వంగారు. అవతలివాళ్లు సర్వీసుకి చెయ్యెత్తారు. తెర తెల్లబడిపోయింది.

"రీలు అక్కడితో అయిపోయిందమ్మా" అంది అమ్మాయి.

వదిన పకపకా నవ్వింది. పిడుగు నవ్వలేదు. ఆమె కళ్లు ఇంకెక్కడో చిక్కుకుపోయాయి.

"ఏమ్మా, కొంచెం వెనక్కి తిప్పు. జనం కనబడుతున్నారే, అక్కడికి."

గోడ వారన జనం. బంతి కుడికి వెళ్తే తలలన్నీ కుడికి, ఎడమకి వస్తే ఎడమకి. సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒక్క కుర్రాడి తల మాత్రం అటూ ఇటూ కదలడం లేదు. కెప్టెన్ ఎక్కడికి జరిగితే అక్కడికే జరుగుతోంది.

"వదినా, అన్నయ్య" అంది పిడుగు. సైకిలు కుర్రాడి మీద వేలు పెట్టింది. "ఉద్యోగంలో సెలవివ్వలేదు, ఆటకి రాలేనన్నాడు నాతో. మీ సంబంధం మాట్లాడింది ఆ మరుసటేడు కదా. నువ్వెలా ఉంటావో కూడా తెలీనట్టు, నీ ఇష్టం చెల్లాయ్ అన్నాడు. నేనేమో జన్మంతా నేనే కుదిర్చానని ఊరేగాను."

వదిన తెరకు దగ్గరగా జరిగింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "ఈ సంగతి నాకు తెలిసుంటే అంత తేలిగ్గా ఒప్పుకునేదాన్నా? కొన్నాళ్లు బతిమాలించుకునేదాన్ని" అంది. అంటూనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిడుగు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. అన్నయ్య పోయిన రోజున కూడా ఇంత దగ్గరగా కూర్చోలేదు ఇద్దరూ.

అమ్మాయి మెల్లిగా అడిగింది. "ఆయన్ని ఏమని రాయమంటారు? ప్రేక్షకుడు అనా?"

"కెప్టెన్ భర్త అని రాయండి" అంది వదిన. మళ్లీ తనే తల అడ్డంగా ఊపింది. "అప్పటికి కాలేదుగా. కాబోయే అని కలపండి."

ఆ వారంలోనే పిడుగు మిగతావాళ్ల ఆచూకీ పట్టింది. లెక్కల పిల్ల పక్క ఊళ్లోనే ఉంది. పొడుగుజడకి ఇప్పుడు జడ లేదు, నోరు మాత్రం అలాగే ఉంది. దొరికినవాళ్లంతా గుడ్డపట్టీలూ ఫోటోలూ పట్టుకుని ఆర్కైవ్ గదిలో చేరారు. జ్ఞాపకాలు రికార్డు చేద్దామని అమ్మాయి మైకు పెట్టింది.

"ఒకరి తర్వాత ఒకరు చెప్పండమ్మా, ఏమీ వినబడట్లేదు" అని బతిమాలింది.

ఎవరూ వినలేదు.