వార్డను మధ్యాహ్నపు కునుకు

తొంభై ఎనిమిదిలో బొమ్మక్క కొడుకు పాండియరాజన్ పదో తరగతి లెక్కల పరీక్షలో నిద్రపోయాడు. అయ్యవారు తట్టి లేపితే లేచి మళ్లీ వాలిపోయాడు. లెక్కల్లో తప్పాడు.

వాడు చదివింది విరుదునగర్‌లో, హాస్టల్లో ఉండి. వార్డను లక్ష్మణసామి చీకటితోనే వచ్చి పిల్లల మొహాన నీళ్లు కొట్టి లేపేవాడు. రాత్రి ఎంతకీ పండుకోనిచ్చేవాడు కాదు. ఫలితాలొచ్చిన రోజు అందరి ముందరా, "నీ కొడుకు తలకాయలో నిద్ర తప్ప ఏమీలేదు. పత్తి ఏరను తోలుకుపో" అన్నాడు బొమ్మక్కతో.

ఊరికొచ్చిన బిడ్డ అన్నం ముందర కూర్చునే తూలుతుంటే ఆమె కోవిల్పట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. "జబ్బేమీ లేదు. ఎదిగే వయసు, పెద్దోళ్లకంటే ఎక్కువ నిద్ర కావాల. చదివింది తలలో నిలిచేది కూడా నిద్రలోనే" అన్నాడాయన.

ఆ మాటతో బొమ్మక్కకు కడుపు మండిపోయింది. బిడ్డను తండ్రి దగ్గర వదిలి, మిరపకాయల మూట నెత్తిన పెట్టుకుని విరుదునగర్ బస్సెక్కింది.

అక్కడ ఆమె అక్క తాయమ్మాళ్ ఇల్లూ, వార్డను ఇల్లూ గోడకు గోడ. లక్ష్మణసామి మధ్యాహ్నం భోంచేసి ఇంటికొచ్చి హాయిగా పండుకుంటాడని బొమ్మక్కకు తెలుసు. ఆయన తలుపు మూసిన చప్పుడు వినగానే రోలు గోడ పక్కకు జరిపి రోకలి ఎత్తేది. ధన్, ధన్, ధన్. మిరపకాయల ఘాటు కిటికీలోంచి ఆయన గదిలోకి పోయేది. అవతల దగ్గుతుంటే ఈమెకు చెయ్యి ఇంకా బలంగా పడేది.

కొన్నాళ్లకు ఆయన గోడ దగ్గరికొచ్చాడు. కళ్లు చింతనిప్పులు.

"అక్కా, చీకట్లో లేస్తాను. మధ్యాహ్నం కాసేపు కన్ను మూయకపోతే ఒళ్లు నిలవదు. సాయంత్రం దంచుకోరాదా?"

"కాసేపటికే నీ ఒళ్లు నిలవలేదా, సామీ? నా బిడ్డకు ఏడాదంతా నిద్ర లేకుండా చేస్తివే!"

అప్పటికిగానీ ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. "మమ్మల్నీ అట్లే పెంచినారు" అని గొణిగాడు.

"అయితే వాళ్లింటి పక్కన పోయి దంచు" అని బొమ్మక్క రోకలి ఎత్తింది.

ఆ వారమే స్కూలు పెద్దలు హాస్టల్ చూడను వచ్చారు. వాళ్లకు హాస్టల్ ఖర్చుల లెక్కలు చెబుతూ చెబుతూ లక్ష్మణసామి కుర్చీలోనే గురక పెట్టాడు. పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దలు ఆయన్ను వార్డను పనిలోంచి తీసేశారు. కొత్తగా వచ్చినాయన వెలుగొచ్చాకే పిల్లల్ని లేపుతున్నాడట.

ఆ సంగతి విని బొమ్మక్క కారప్పొడి డబ్బాకెత్తుకుని తృప్తిగా ఇల్లు చేరింది. పాండియరాజన్ కడుపునిండా నిద్రపోయి, మళ్లీ పరీక్ష రాసి పాసయ్యాడు. సంగతంతా చెబితే వాడు నవ్వలేదు.

"రాత్రిళ్లు కూడా దంచాల్సింది, అమ్మా."

"ఓరి నీ! మీ పెద్దమ్మ బిడ్డలు పండుకోవద్దా?" అంది బొమ్మక్క.